ఇరవై నాలుగు మంది చాలు

సర్కండా, బిలాస్‌పూర్
9 ఫిబ్రవరి 2025

అమ్మా తనూజా,

హైదరాబాదులో నువ్వు వేళకు తింటూ, వేళకు పడుకుంటూ ఉన్నావని నమ్మి మీ చిన్నాన్న రాస్తున్న సంగతులు.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుతావు. ఏళ్ల తరబడి రైలింజన్‌లో హారన్ కింద కూర్చున్న చెవులమ్మా ఇవి. ఫోన్‌లో నువ్వు మాట్లాడితే గోడ అవతల ఎవరో పిండి దంచుతున్నట్టు వినిపిస్తుంది. మెసేజ్ పెడదామంటే ఫోను ఎప్పుడూ మా అబ్బాయి ప్రవీణ్ చేతిలోనే ఉంటుంది. ఉత్తరమైతే బల్ల మీద వదిలేసినా భయం లేదు, వాడికి తెలుగు అక్షరం రాదు. మీ నాన్న పోయాక నిన్ను మా క్వార్టర్‌కి తెచ్చుకున్నప్పుడు మీ ఇద్దర్నీ వరండాలో కూర్చోబెట్టి అఆలు దిద్దించాను. నువ్వు దిద్దావు, వాడు గోడ దూకాడు.

వాడి గురించే ఈ ఉత్తరం. సీపత్ దారిలో కాంట్రాక్టు తీసుకున్న ఒక ఠేకేదారు బొగ్గు యార్డులో పనికి కుదిరాడని నీకు తెలుసు. అక్కడ చేతికి కొద్దిగా దెబ్బ తగిలింది. మానిపోయింది, కంగారు పడకు. పని మాత్రం మానేశాడు. చాలా రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత ఎవరో స్నేహితుడు పాత గేమ్ మిషన్ ఒకటి ఇచ్చాడు. ఇద్దరు మనుషులు బరిలో దిగి కొట్టుకునే ఆట. పొద్దస్తమానం అదే. మొదట్లో నాకు ఒళ్లు మండేది. కానీ ఆ ఆట మొదలుపెట్టాకే వాడు మళ్లీ అన్నం అడిగి తింటున్నాడు. కిందటి నెల ఇక్కడి గేమ్ పార్లర్‌లో పోటీ పెడితే గెలిచి కప్పు తెచ్చాడు. మీ పిన్ని సౌభాగ్య దానికి పసుపు రాసి దేవుడి గూట్లో పెట్టింది.

మీ కంపెనీ చేసేవి ఇలాంటి ఆటలే కదా. వీటితో మనిషికి బతుకుతెరువు ఉంటుందా? ఉన్నది ఉన్నట్టు రాయి. నేను అడిగినట్టు వాడికి తెలియనివ్వకు.

ఆశీస్సులతో,
త్రినాథరావు


హైదరాబాదు
23 ఫిబ్రవరి 2025

చిన్నాన్నకు, పిన్నికి నమస్కారాలు.

మీ అక్షరాలు చూసి ఎన్నాళ్లయిందో. ఇంకా అదే వంపు, అదే ఒత్తులు. ఆఫీసులో అందరికీ చూపించాను. చేత్తో రాసిన ఉత్తరం అని ఒకమ్మాయి ఫొటో కూడా తీసుకుంది.

ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. ఆట ఆడడం వేరు, ఆటతో బతకడం వేరు చిన్నాన్నా. ఊళ్లో కప్పు గెలిచినవాళ్లు వేలమంది ఉంటారు. వాడికి పాతికేళ్లు దాటాయి. యార్డు పని నచ్చకపోతే టైపింగ్, కంప్యూటర్ కోర్సు ఏదైనా చేరమనండి. చేతివేళ్లు అంత చురుగ్గా ఆడేవాడికి టైపింగ్ ఎంతలో వస్తుంది? ఏదో ఒక ఆఫీసులో కుదురుకోవచ్చు.

నా సంగతులు. రెండు పాత పోరాట ఆటల్లోని వీరులందర్నీ ఒకే బరిలోకి దింపి పెద్ద ఆట ఒకటి తయారు చేస్తున్నాం. ప్రపంచమంతా ఎదురుచూస్తోంది. అందులో రోస్టర్ ఎంత ఉండాలో తేల్చే పని నాకు అప్పజెప్పారు. డెబ్బై మందీ ఉండాలని కొందరి పట్టు. నేను ఇరవై నాలుగు మంది చాలన్నాను. అంతకు మించితే ఒక్కరి మీదా శ్రద్ధ పెట్టలేం, సగంమంది పేరుకే ఉంటారు. కొత్తగా వచ్చినవాడు ఆ జనాన్ని చూసే బెదిరిపోతాడు. నెల రోజులు వాదించాను. చివరికి నా మాటే నెగ్గింది. మీకు చెప్పుకోవాలనిపించింది.

పిన్ని మోకాలు ఎలా ఉంది?

మీ తనూజ


సర్కండా
10 మార్చి 2025

తల్లీ తనూజా,

నీ ఉత్తరం మీ పిన్నికి చదివి వినిపించాను. కళ్లు తుడుచుకుంది. మోకాలికి ఆయుర్వేదం నూనె రాస్తోంది, ఇల్లంతా ఆ వాసనే. అర్పా నది అప్పుడే ఎండిపోయింది, వంతెన మీద ఆటోలో పోతుంటే ఇసుకే కనిపిస్తోంది.

రోస్టర్ నీ చేతికి వచ్చిందన్న మాట చదివి నా ఛాతీ ఉప్పొంగింది. డ్యూటీ ఎక్కే మా లాబీ ఆఫీసులో రోస్టర్ వేసే గుమాస్తా బాబు అంటే డ్రైవర్లందరూ లేచి నిలబడేవాళ్లు. ఎవరు ఏ బండి ఎక్కాలో, ఎవరు ఇంట్లో పండగ చేసుకోవాలో అతని కలం చెప్పేది. కానీ ఒక మాట. డెబ్బై మంది చేసే డ్యూటీ ఇరవై నాలుగు మందితో చేయిస్తే వాళ్లు నిద్రకు మొహం వాచిపోతారు. తీసేసిన వాళ్లకీ పిల్లలుంటారు. కొంచెం చూసి చెయ్యి.

ఇంకో మాట, సిగ్గు విడిచి అడుగుతున్నాను. పేర్లు రాసేది నువ్వే అయితే ప్రవీణ్‌కి అందులో ఒక చోటు చూడలేవా? కూర్చుని చేసే పని ఏదైనా సరే.

నీ పెద్ద ఉద్యోగం సంగతి వాడితో గొప్పగా చెప్పాను. "రెండాటలు కలిపి కొత్తాట సేస్తన్నారట్రా, అందులో రోస్టర్ మన తనూజమ్మే ఏసింది" అన్నాను. వాడు ఉలిక్కిపడి చూశాడు. "సచ్ మే? దీదీ?" అన్నాడు, నిజంగా అక్కేనా అని. చాలా రోజుల తర్వాత వాడి మొహంలో అంత వెలుగు చూశాను.

టైపింగ్ మాట వాడి దగ్గర ఎత్తలేదు. తర్వాత చూద్దాం.

మీ చిన్నాన్న


హైదరాబాదు
30 మార్చి 2025

చిన్నాన్నా,

మీ ఉత్తరం చదివి నవ్వాగలేదు, క్షమించండి. తప్పు నాదే, సరిగ్గా చెప్పలేదు. మా రోస్టర్ ఉద్యోగులది కాదు. ఆటలో కొట్టుకునే బొమ్మల జట్టునే మావాళ్లు రోస్టర్ అంటారు. ఆడేవాడు ఆ బొమ్మల్లో ఒకణ్ణి ఎంచుకుని వాడితో ఆడతాడు. కాబట్టి నేను ఎవరి పొట్టా కొట్టలేదు, ఎవరికీ ఉద్యోగం ఇవ్వనూ లేను. ప్రవీణ్ నా మీద ఆశ పెట్టుకుంటే మీరే సర్దిచెప్పండి.

అయినా తిట్లు తప్పలేదు. మొన్న శుక్రవారం ఆ ఇరవై నాలుగు పేర్లూ బయటపెట్టాం. దాంతో ఇంటర్నెట్ అంతా నా మీద విరుచుకుపడింది. మా వీరుణ్ణి తీసేశారంటే మా వీరుణ్ణి తీసేశారని. నిజానికి తీసేసినవాళ్లలో చాలామందిని ఎవరూ ఆడనే ఆడరు. ఓర్గో అని ఒక లావుపాటి ముసలి మల్లుడున్నాడు. కదలడు, మెదలడు. అవతలివాడు మీదికి వచ్చేదాకా నిలబడి ఒక్క దెబ్బ కొడతాడు. వందమందిలో ఒక్కడు కూడా వాణ్ణి ఎంచుకోడని లెక్కలు చెప్తున్నాయి. వాడి కోసం కూడా ఏడుస్తున్నారు!

మీరు ఎండలో తిరక్కండి.

తనూజ


సర్కండా
14 ఏప్రిల్ 2025

తనూజా,

పిన్నికి తెలియకుండా రాస్తున్నాను.

ఆ శుక్రవారం ప్రవీణ్ ఫోన్‌లో పేర్లు చూశాడు. పైనుంచి కిందకి, కిందనుంచి పైకి చూశాడు. తర్వాత మిషన్ తీగలు పీకి మంచం కింద పడేశాడు. "ఏటయిందిరా?" అని భుజం పట్టుకుని అడిగాను. "మేరా వాలా నికాల్ దియా పాపా. నాది తీసీసినారు" అన్నాడు. "ఎవుడు తీసినాడు?" అంటే నా వైపు చూసి, "నువ్వే సెప్పినావు కదా, రోస్టర్ దీదీ ఏసిందని" అన్నాడు.

మీరు కలిపిన రెండాటల్లో ఒకటి వాడు ఆడేదే, ఆ ముసలి మల్లుడే వాడి బొమ్మ. నీ ఉత్తరంలో ఆ పేరు చదివి కాగితం మడిచేశాను.

ఇప్పుడు నీకు నిజం చెప్పాలి. దెబ్బ చిన్నది కాదు. యార్డులో బొగ్గు బెల్టులో వాడి కుడిచెయ్యి ఇరుక్కుంది. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. నడిమి మూడూ లేవు. "దీదీకి మాత్రం సెప్పొద్దు, కసమ్" అని ఆసుపత్రి మంచం మీద నాచేత ఒట్టు వేయించుకున్నాడు. చిన్నప్పటినుంచీ నీతో పోటీ కదా వాడికి. నీ ముందు తక్కువైపోతానని.

ఆ ఆటలో అంతమంది వీరుల్లో వాడి చేత్తో ఆడగలిగింది ఆ ఒక్కణ్ణే. ఎడమచేత్తో మిషన్ కదలకుండా పట్టుకుని, సమయం చూసి కుడి బొటనవేలితో ఒక్క బటన్ నొక్కితే చాలట. మిగతావాళ్లకి నాలుగు వేళ్లూ కావాలి. ఎవరూ ఎంచుకోని వాడు కాబట్టి ఎదురు నిలవడం ఎవరికీ తెలియక ఓడిపోయేవారు. కప్పు అలా వచ్చింది.

నేను నిన్ను తప్పుపట్టడానికి రాయడం లేదు. నీకు తెలియదు. ఇంట్లో ఎవరం ఎవరికీ ఏదీ చెప్పకుండా నెట్టుకొచ్చాం.

చిన్నాన్న


హైదరాబాదు
24 ఏప్రిల్ 2025

చిన్నాన్నా,

టైపింగ్ నేర్చుకోమని రాశాను. ఆ ముక్క మీరు ఎలా చదివి ఉంటారో.

ప్రవీణ్‌కి ఫోన్ చేశాను, మెసేజీలు పెట్టాను. నా నంబరు బ్లాక్ చేశాడు. బయల్దేరి వచ్చేద్దామని టికెట్ కూడా తీశాను. పిన్ని పక్కింటివాళ్ల ఫోన్‌లోంచి ఏడుస్తూ వద్దంది. నేను వస్తే ఇల్లు వదిలి పోతానన్నాడట. అందుకే ఆగాను.

మా టీమ్ పెద్ద హరిప్రియ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. ఓర్గోని వెనక్కి తేవాలన్నాను. ఆవిడ మంచిదే. నా మాట పూర్తిగా విని, "ఎవర్ని తీసేయమంటావు, నువ్వే చెప్పు" అంది. ఎవర్నీ తీయొద్దు, ఒకణ్ణి చేర్చండి అన్నాను. "ప్రతి బొమ్మకీ ఎక్కడో ఒక ప్రవీణ్ ఉంటాడు తనూజా. ఇరవై నాలుగు చాలని నన్ను ఒప్పించింది నువ్వే" అంది. మీతో అబద్ధమాడను చిన్నాన్నా, ఇప్పటికీ ఆ ఆటకి ఇరవై నాలుగే సరైన లెక్కని నా బుద్ధి చెబుతోంది. డెబ్బై మందిని పెట్టి ఉంటే ఆట కుప్పకూలేది. అయినా రోజూ వెళ్లి ఆవిడ గది ముందు నిలబడ్డాను.

నిన్న ఒప్పుకున్నారు. ఆట విడుదలయ్యాక, నవంబరులో, ఓర్గోని అదనంగా చేరుస్తారు. వాడికి ఈ మాట చెప్పండి. నేను చెప్పానని చెప్పకపోయినా సరే.

తనూజ


సర్కండా
17 ఆగస్టు 2025

తల్లీ,

ఇన్నాళ్లూ రాయలేదు. రాయడానికి మంచి సంగతి ఉండాలని ఆగాను.

నీ మాట వాడికి చెప్పాను. నమ్మలేదు. జూన్‌లో మీ కంపెనీవాళ్లే ఫోన్లలో ప్రకటించాక నమ్మాడు. మంచం కింద నుంచి మిషన్ తీసి దుమ్ము తుడిచాడు. "దీదీ నే కియా?" అని అడిగాడు. "మరెవులు సేస్తార్రా?" అన్నాను. ఆ పూట మీ పిన్ని వడ్డించిన పప్పుచారు రెండుసార్లు పోయించుకున్నాడు.

మీ కొత్త ఆట వచ్చాక పార్లర్‌లో కుర్రాళ్లందరూ దానికే మారిపోయారు. పాత ఆటకి వీడికి జత దొరకడం లేదు. కొత్త ఆటలో వేరే వీరులతో ప్రయత్నించి ఓడిపోయి వచ్చేవాడు. అయినా కుంగిపోలేదు. "నవంబర్ ఆనే దో. రానీ" అంటాడు. పార్లర్ నడిపే సూర్యం మనవాడే, బొబ్బిలి వైపు వాళ్లు. ఓర్గో వచ్చిన రోజు పెద్ద పోటీ పెడతానని గోడకి కాగితం అంటించాడు. మా అమ్మాయి మా అబ్బాయి కోసం చేయించిందని నేను గుడి దగ్గర కూడా చెప్పుకున్నాను.

నీకు పుణ్యముంటుంది.

చిన్నాన్న


హైదరాబాదు
3 నవంబరు 2025

చిన్నాన్నా,

స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. అందగానే చదవండి.

ఓర్గో తయారయ్యాడు. వచ్చే వారం చివర విడుదల. కానీ ఆ పాత ఓర్గో కాదు. ఉన్నచోట నిలబడి గెలిచేవాడు ఈ ఆట వేగానికి సరిపోడని వేరే టీమ్ వాడి పద్ధతంతా మార్చేసింది. ఇప్పుడు ఒక్కో దెబ్బకి రెండు మూడు బటన్లు ఒకేసారి నొక్కాలి. నాకు చూపించింది నిన్న. నా కుడిచేతి మూడు వేళ్లూ గుడ్డతో కట్టేసుకుని ఆడి చూశాను. ఒక్క దెబ్బా పడలేదు.

ఒంటిచేత్తో ఆడేలా ఇంకో పద్ధతి పెట్టమని అడిగాను. ఒక్కడికి పెడితే మిగతా అందరికీ పెట్టాలి, వచ్చే ఏడాది చూద్దాం అన్నారు. చూస్తారో లేదో తెలియదు.

ఆ పోటీకి వాణ్ణి వెళ్లనివ్వకండి. ముందే చెప్పేయండి. కొన్నాళ్లు ఆగమనండి. నేను ఇక్కడ అడగడం మానను.

తనూజ


సర్కండా
22 నవంబరు 2025

తనూజా,

నీ ఉత్తరం సమయానికే అందింది. అందిన పూటే వాడికి చెప్పాను. నవ్వాడు. "పాపా, దీదీకి ఏటి తెల్సు నా ఆట? నాను సూసుకుంటాను" అన్నాడు. వద్దన్నకొద్దీ పట్టు పెంచుకున్నాడు. కిందటి శనివారం పోటీకి చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. నన్నూ రమ్మన్నాడు.

పార్లర్ నిండా జనం. వీడి పేరు పిలిచారు. వాళ్లంతా వీడి వైపే అమ్మా, అది నీకు చెప్పాలి. చప్పట్లు కొట్టారు. వీడు ఆ మల్లుణ్ణి ఎంచుకున్నాడు. ఎప్పటిలా నిలబెట్టాడు. అవతలివాడు వచ్చి కొట్టాడు, మల్లుడు పడిపోయాడు. మళ్లీ నిలబెట్టాడు. చిటికెనవేలు చాచి రెండో బటన్ అందుకోబోయాడు, అందలేదు. మోచెయ్యి వంచి చూశాడు. ఒళ్లో పెట్టుకుని చూశాడు. మొదట్లో కేకలు వేసినవాళ్లు మెల్లగా ఊరుకున్నారు. నాకు వినిపించదు గానీ ఊరుకోవడం కనిపిస్తుంది. చివరికి అవతల కూర్చున్నవాడు కావాలని ఓడిపోబోయాడు. అది వీడు పసిగట్టాడు. అప్పుడు చేతిలోది బల్ల మీద పెట్టి, సూర్యానికి థాంక్స్ చెప్పి, నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. ఇంటికొచ్చి మామూలుగా అన్నం తిన్నాడు.

తెల్లారి లేచేసరికి లేడు. ఫోను బల్ల మీదే ఉంది. రెండు జతల బట్టలు తీసుకెళ్లాడు, అదే మాకు మిగిలిన ధైర్యం. బట్టలు తీసుకెళ్లినవాడు బతకాలనే వెళ్లి ఉంటాడని మీ పిన్నితో అంటున్నాను. స్టేషన్‌లో పాత మనుషులందరికీ ఫొటో ఇచ్చాను. బెల్తరా వైపు చూశానన్నారు ఒకరు. వెళ్లి వచ్చాను. వాడు కాదు.

నువ్వు వస్తానంటావు. వచ్చి ఏం చేస్తావు? అక్కడే ఉండు. ఒకవేళ నీకు ఫోన్ చేస్తే ఎత్తడానికి.

చిన్నాన్న


హైదరాబాదు
1 డిసెంబరు 2025

చిన్నాన్నా,

ఫోన్ రాలేదు. తెలియని నంబరు ఏది మోగినా మీటింగ్‌లోంచి లేచి వస్తున్నాను.

వాడి కోసం నేను చేయించిందే వాణ్ణి అందరి ముందూ కూర్చోబెట్టింది. ఓర్గోని వదిలేసి ఉంటే నన్ను తిట్టుకుంటూ ఇంట్లోనే ఉండేవాడేమో. ఈ పని మానేద్దామని కాగితం రాసుకున్నాను. మానేస్తే ఆ ఒంటిచేతి పద్ధతి అడిగేవాళ్లు కూడా ఇక్కడ ఉండరని చించేశాను. ఏది సరైనదో నాకిప్పుడు తెలియడం లేదు.

ఏ చిన్న కబురు తెలిసినా రాయండి.

తనూజ


సర్కండా
18 జనవరి 2026

తనూజమ్మా,

దొరికాడు. బతికే ఉన్నాడు. ముందు ఆ మాట చదివి, కాసేపు ఆగి మిగతాది చదువు.

కోర్బా వైపు వ్యాగన్లకి బొగ్గు నింపే ఒక ప్రైవేటు సైడింగ్‌లో చౌకీదారుగా ఉన్నాడు. నా కింద అసిస్టెంట్‌గా చేసిన ఆదినారాయణ గూడ్సు మీద వెళ్తూ చూసి కబురు పెట్టాడు. మరునాడే బస్సెక్కాను. పిన్నిని తీసుకెళ్లలేదు.

రేకుల షెడ్డు. ఆరుగురు మనుషులు. అందరికీ ఏదో ఒకటి లేదమ్మా. ఒకడికి కన్ను, ఒకడికి పాదం. అక్కడి ఠేకేదారు దెబ్బతిన్నవాళ్లనే ఏరి పెట్టుకుంటాడట. తక్కువ జీతమిచ్చినా వదిలి పోరని. ప్రవీణ్ నన్ను చూసి పారిపోలేదు. నులకమంచం మీద కూర్చోబెట్టి టీ తెచ్చాడు. చిక్కిపోయాడు, గడ్డం పెంచాడు. ఒళ్లంతా బొగ్గు. ఇంట్లో ఉన్నప్పుడు ఆడని వేళంతా కుడిచెయ్యి జేబులోనే ఉండేది. అక్కడ దాంతోనే గ్లాసు పట్టుకుని తాగుతున్నాడు.

"ఇంటికి రారా, మీ యమ్మ తిండి మానీసింది" అన్నాను. "వస్తాను పాపా. అభీ నహీ, ఇప్పుడు కాదు" అన్నాడు. "ఇక్కడేటుందిరా?" అంటే, "ఇక్కడ నన్నెవులూ సూడరు" అన్నాడు.

నీ పేరు నేనే ఎత్తాను. "దీదీ రోజూ ఏడుస్తంది. ఏటి రాయమంటావు?" అని అడిగాను. గ్లాసు కింద పెట్టాడు. తర్వాత నాకు అర్థమయ్యేలా నా మొహంలోకి చూసి మెల్లగా చెప్పాడు. "దీదీది తప్పు కాదు. అందర్నీ పెట్టుకుంటే ఆట నడవదు. సహీ కియా, సరిగ్గానే సేసింది. నానైనా అలాగే సేద్దును." కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు. మాట సరిగ్గా పట్టుకున్నానో లేదోనని మళ్లీ అడిగాను. మళ్లీ అదే మాట అన్నాడు.

ఆ మాటకి నేను తల ఊపలేదు తల్లీ. నువ్వు చెప్పిన లెక్క తప్పని నేను అనలేను, ఆ విద్య నాకు తెలియదు. కానీ తనకి చోటు లేకపోవడమే న్యాయమని నా కొడుకు నాకే సర్దిచెబుతుంటే ఔనని ఎలా అనను?

సైరన్ మోగింది కాబోలు, అందరూ లేచారు. వాడూ లాఠీ తీసుకుని గేటు దగ్గరికి వెళ్లాడు. నేను బస్సెక్కాను.

నువ్వు ఇప్పుడే అక్కడికి వెళ్లకు. ఉత్తరం రాయి. అడ్రసు వేరే కాగితం మీద రాశాను. తెలుగులో రాస్తే వాడు చదవలేడు, హిందీలో రాయి. ఆట సంగతి ఎత్తకు, క్షమించమని కూడా రాయకు. ఇవాళ ఏం తిన్నావు, అక్కడ చలి ఎలా ఉంది, కప్పుకోవడానికి ఉందా అని రాయి. వారానికొకటి రాయి. జవాబు ఇస్తాడని నేను మాటివ్వలేను.

మీ పిన్ని నీకు దీవెనలు చెప్పమంది.

త్రినాథరావు